గడ్డిచామంతి లేపనం, నా కుడి పాదం

నా కాళ్ళకు ఇప్పుడు తొమ్మిది వేళ్ళు. పదోది పోయి ఎనిమిది నెలలు దాటింది. చెప్పుల దుకాణంవాడు తప్ప ఇంకెవరూ ఎదుటివాళ్ళ వేళ్ళు లెక్కపెట్టరని, తొమ్మిదితో హాయిగానే బతకొచ్చని ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు ఉంటారు, భయపడి మధ్యలో ఆపేస్తారు. ఆపకండి. బాగా చదువుకున్న ఒక మూర్ఖురాలు తన కాలికి ఏం చేసుకుందో తెలిస్తే మీ పది వేళ్ళు మీకు మిగులుతాయి.

ఆ మూర్ఖురాలి పేరు సుగుణ. హుజూరాబాద్ దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా మందుమొక్కల పాఠం చెబుతున్నాను. వాటిలో నాకు ప్రాణమైనది గడ్డిచామంతి. దారి పక్కన ఎక్కడ పడితే అక్కడ మొలిచే కలుపు మొక్క. చిన్నప్పుడు దాని పసరుతో పలకలు తుడిచేవాళ్ళం కాబట్టి పలకాకు అనేవాళ్ళం. కొడవలి తెగితే మా అవ్వ ఆ ఆకే నలిపి దెబ్బ మీద పిండేది. నేను అదే ఆకును నీడలో ఎండబెట్టి, పొడి చేసి, స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే మిగిలే నల్లటి జిగురును వ్యాజిలిన్‌లో కలిపి లేపనం చేశాను.

దాన్ని మా ప్రయోగశాలలో తెల్ల ఎలుకల మీద పరీక్షించాం. ఎలుక వీపు మీద చిన్న గాయం చేసి, నాలుగు రోజులకోసారి దాని మీద పారదర్శకంగా ఉండే కాగితం పెట్టి, అంచు వెంబడి పెన్నుతో గీసి, ఆ గీతను గ్రాఫు కాగితం మీద పెట్టి లోపల ఎన్ని గడులు పట్టాయో లెక్కపెడతాం. గడులు తగ్గితే గాయం మానుతున్నట్టు. లేపనం రాసిన ఎలుకలకు మిగతావాటికంటే రెండు మూడు రోజుల ముందు మానింది. రాయనివాటికి కూడా మానింది, కాస్త ఆలస్యంగా. నేను కనుక్కున్నది ఇంతే. కానీ పిల్లలు నన్ను చామంతి మేడం అనేవాళ్ళు, నాకది ఒక బిరుదులా ఉండేది.

నాకు షుగర్ వచ్చి పదకొండేళ్ళు. గోలీలు వేసుకునేదాన్ని, పండగలప్పుడు మరిచిపోయేదాన్ని.

నిరుడు ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే రోజున మొదలైంది ఇదంతా. మా చర్చిలో చెప్పులు గేటు దగ్గరే విడిచి రావాలి. పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన, అది అయ్యాక ఉపవాసం విడిచేవాళ్ళకు బయట మజ్జిగ పోయడం నా పని. ఆవరణంతా షాబాద్ బండలు, ఎండకు కాలిపోతున్నాయి. అందరూ కాలు మార్చి కాలు ఎత్తుతూ వచ్చి, గ్లాసు అందుకుని నీడలోకి పరుగెత్తుతున్నారు. నేను మాత్రం అరగంట సేపు ఒకేచోట నిలబడి పోస్తూనే ఉన్నాను. మా సంఘంలో పెద్దావిడ రాజమణక్క నన్ను చూపించి, ప్రార్థనలో ఉన్న బలం అట్లా ఉంటుందని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పింది. అబద్ధమెందుకు, నేను కూడా లోలోపల కాస్త పొంగిపోయాను. షుగర్ వల్ల నా అరికాళ్ళకు స్పర్శ పోయిందన్న సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే కుడి బొటనవేలి కింద పెద్ద బొబ్బ చితికి కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని సంతోషించాను.

మా ఆయన ప్రభుదాస్‌ది ఆసిఫాబాద్. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా సార్ అంటారు, నేనూ సార్ అనే అంటాను. ఆయన వెంటనే డాక్టరు దగ్గరికి పోదామన్నారు. ఇరవై రెండేళ్ళుగా గాయాల మీదే పనిచేస్తున్న మనిషిని పట్టుకుని దవాఖానకు పొమ్మంటారా అని నవ్వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, నేను కాలు కాలాక ఆకు పట్టుకున్నాను. ఆ రాత్రే లేపనం డబ్బా తెరిచాను.

మే నెలంతా మా ఇంట్లో గడుల లెక్క నడిచింది. నా అరికాలు నాకు కనిపించదు కాబట్టి గీసే పని సారుది. నేను కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెడితే, ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, నేల మీద బోర్లా పడుకుని గీసేవారు. తర్వాత గ్రాఫు కాగితం ముందు పెట్టుకుని, సగం గడులను సగంగానే కలిపి, రెండుసార్లు సరిచూసుకునేవారు. రిటైరయ్యాక ఆయన అంత ఉత్సాహంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మొదటిసారి మూడు వందల పన్నెండు గడులు. తర్వాత రెండు వందల అరవై. తర్వాత నూట డెబ్భై. ముప్పై ఆరు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం పిల్లల్లా సంబరపడ్డాం.

పాదం కాస్త ఉబ్బింది, ఎండల వల్ల అనుకున్నాం. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉండేది, అదీ ఎండల ఖాతాలోనే వేశాం. పాపం ఎండ, ఆ నెలలో ఎన్ని నిందలు మోసిందో.

నెలాఖరు ఆదివారం పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నోరు విప్పని మా సారు ఆరోజు లేచారు. మడిచి జేబులో పెట్టుకున్న గ్రాఫు కాగితం తీసి, బోర్డు ముందు నిలబడినట్టు నిలబడ్డారు.

"మూడు వందల పన్నెండు గడుల దెబ్బ ముప్పై ఆరుకు వచ్చింది. దేవుడు పుట్టిచ్చిన ఆకు, నా భార్య చేసిన మందు. స్తోత్రం," అన్నారు.

లెక్కలతో సాక్ష్యం చెప్పినవాళ్ళు మా సంఘంలో అంతకుముందు లేరు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆరాధన అయ్యాక ముగ్గురు వచ్చి మందు అడిగారు. వంటింట్లో చేయి కాల్చుకున్న రాజమణక్క, తీగ గీసుకుపోయిన ఒక రైతు, మడమ పగిలి పుండు పడిన ఏసోబు తాత. తాతకు నాలాగే షుగర్. ముగ్గురికీ చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి ఇచ్చాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. మా ప్రయోగశాల అటెండరు ఖాజా భాయ్, ఎలుకల బాగోగులన్నీ అతనివే. నా వయసే ఉంటుంది. మొదటి రెండు రోజులు నా బల్ల దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, గ్లాసు సామాను సర్ది వెళ్ళిపోయాడు. మూడోరోజు పిల్లలు లేనప్పుడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, జర బురా అనుకోవద్దు," అన్నాడు నేల చూస్తూ. "పద్దెనిమిదేండ్ల సంది ఎలుకల గూళ్ళు కడుగుతున్న. లోపల చీము పట్టిందంటె పైకి మంచిగ కనపడ్డా నా ముక్కుకు తెలుస్తది. గా వాసన మీ కాలు నుంచి వస్తుంది. నా సొంత చెల్లెకైనా గిట్లనే చెప్తుంటి."

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఒక ఆడమనిషితో ఆ మాట అనడానికి అతను రెండు రోజులు ఎంత నలిగిపోయి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు నాకు కనిపించింది నా బిరుదు మీద పడిన మచ్చ ఒక్కటే. సంచిలోంచి తాజా గ్రాఫు కాగితం తీసి అతని ముందు పరిచాను. పద్దెనిమిది గడులు. ఇంకో వారంలో పూర్తిగా మూసుకుంటుందని గట్టిగా చెప్పాను.

అతను కాగితం వంక చూసి నెమ్మదిగా అన్నాడు. "కాయిదం మీద లోతు ఎట్ల కనపడ్తది మేడం?"

గడులు పొడవూ వెడల్పూ చెబుతాయి, లోతు చెప్పవు. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, దాని గాయం దానంతట అదే ముడుచుకుంటుంది, మనిషి గాయం అట్లా కాదు, అడుగు నుంచి నిండుతూ రావాలి. ఇది ఏటా మొదటి వారంలోనే పిల్లలకు చెప్పే పాఠం. పాఠం చెప్పే నోటికీ కాలికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆరోజు తెలిసింది.

ఖాజా భాయే సారుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ముగ్గురం కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో ఉన్నాం. అతను రానక్కరలేదని చెప్పినా వినలేదు, కారులో ముందు సీట్లో నా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సర్జన్ చిన్న వయసు అమ్మాయి. వేలి పక్కన నొక్కితే ఆ పద్దెనిమిది గడుల సందులోంచి చీము వచ్చింది. ఒక సన్నని పుల్ల లోపలికి పెడితే సగం వేలంత దిగింది. నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను, నాకేమీ తెలియలేదు. నొప్పి వేస్తే ఏడ్చేదాన్నేమో. నొప్పి లేనందుకు నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. నా కాలు నాకు చెప్పకుండానే కుళ్ళిపోతోందని అప్పుడు అర్థమైంది.

ఏం రాశారని ఆమె అడిగింది. అంతా వివరంగా చెప్పాను, స్పిరిట్ ఎంత, వ్యాజిలిన్ ఎంత అన్నదానితో సహా. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ ఎలుకలకు షుగర్ ఉండెనా మేడం?"

లేదు. ఒక్కదానికి కూడా లేదు. వయసులో ఉన్నవి, ఆరోగ్యంగా ఉన్నవి, మూడు పూటలా తిని తిరిగేవి. నేను యాభై మూడేళ్ళదాన్ని.

చీము బొటనవేలి ఎముకలోకి పోయింది, వేలు తీయాల్సిందే అంది. పైకి ఎంత పాకిందో లోపల చూస్తేగానీ తెలియదు. పాదం పోవచ్చు, మోకాలి కింద దాకా పోవచ్చు. ముందు షుగర్ దించాలి, రెండు మూడు రోజులు పడుతుంది. ఆ మాటలు సారు నిలబడి విన్నారు, తర్వాత గోడకు ఆనుకున్నారు.

ఆ మూడు రోజుల్లో మేం ఎక్కువగా కూర్చున్నది డ్రెస్సింగ్ గది బయట బల్లల మీద. అక్కడ అందరివీ కాళ్ళే. కొత్తగా ఎవరు వచ్చినా ముందు ముఖం కాదు, కాలు చూస్తాం. మా పక్క బల్ల మీద జైనూర్ నుంచి వచ్చిన గంగూబాయి అనే ఆమె ఉండేది. ఆమె భర్త కట్టెలు కొడుతుంటే గొడ్డలి కాలి మీద పడింది. నేను తినకుండా కూర్చుంటే సంచిలోంచి జొన్నరొట్టె తీసి, ఎల్లిపాయ కారం పెట్టి చేతిలో పెట్టింది. షుగర్‌కు జొన్న మంచిదని నాకే పాఠం చెప్పింది. గాయానికి ఏం కట్టి తెచ్చావని అడిగాను. ఆమె చెప్పింది నా గడ్డిచామంతి పేరే.

మరి దవాఖానకు ఎందుకు వచ్చావని అడిగాను, కొంచెం సిగ్గులేకుండానే.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆకు ఎందుకు బాయీ? దవఖానకు వచ్చే దాంక రక్తం ఆగనీకి."

నా ఇరవై రెండేళ్ళ చదువును ఆమె రొట్టె నములుతూ ఒక్క మాటలో చెప్పేసింది. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ఆమె వీపు నిమిరి, ఇంకో రొట్టె తీసింది.

సారు మాత్రం మాట్లాడటం మానేశారు. మందులు తెచ్చేవారు, రశీదులు వరుసగా పెట్టేవారు, నా ముఖం వంక చూసేవారు కాదు. నా మీద కోపమనుకున్నాను. అంత కోపానికీ నేను అర్హురాలినే. రెండోరోజు సాయంత్రం నా పక్కన కూర్చుని చేతులు నలుపుకుంటూ అన్నారు.

"దేవుని ముంగట తప్పు లెక్క చెప్పిన సుగుణా."

ఆయన మూగబోయింది నా మీద కోపంతో కాదు. ముప్పై ఏళ్ళకు ఒక్కసారి నోరు తెరిచి, అదీ నాకోసం తెరిచి, అబద్ధం చెప్పినవాడినయ్యానని కుమిలిపోతున్నారు. లెక్కలో మీ తప్పేం లేదు సార్, నేనిచ్చిన కొలతే తప్పు అన్నాను. ఆయన ఏడ్చారు. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు, ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. చుట్టూ జనం ఉన్నారని ఇద్దరం పట్టించుకోలేదు.

ఆపరేషన్ రోజు ఉదయం, నర్సు నా చేతికి సూది గుచ్చుతుంటే ఏసోబు తాత గుర్తొచ్చాడు. నా డబ్బా తాత దగ్గరుంది. సాక్ష్యం విన్నాడు, నమ్మాడు, నాలాగే మడమకు రాసుకుని పైన మూసుకుంటోందని సంతోషపడుతుంటాడు. ఇప్పుడే హుజూరాబాద్ పోయి ముగ్గురి దగ్గరా డబ్బాలు తెమ్మని సారును బతిమాలాను. ఆయన కదలలేదు. నేను లోపలికి పోయేటప్పుడు ఆయన బయట ఉండాల్సిందేనన్నారు. నేను పట్టుబట్టాను, ఆయనా పట్టుబట్టారు. నా కాలు పోతుందో ఉంటుందో తెలియని రోజున మేమిద్దరం ఒక డబ్బా గురించి పోట్లాడుకున్నాం. చివరికి, పొద్దున్నే నన్ను చూడటానికి వచ్చిన ఖాజా భాయ్ మా మధ్యకు వచ్చి, ముగ్గురి ఇళ్ళూ ఎక్కడో చెప్పమని అడిగి, పరేషాన్ కావద్దని చెప్పి బస్టాండుకు వెళ్ళాడు.

తెలివి వచ్చేసరికి సారు మంచం పక్కన ఉన్నారు. నా కాళ్ళ మీద దుప్పటి ఉంది. తీసి చూసే ధైర్యం లేక, ఎక్కడిదాంక తీసిండ్రు అని అడిగాను. ఆయన తన బొటనవేలు నా కళ్ళ ముందుకు తెచ్చి చూపించారు.

"గింతే," అన్నారు. "మిగిలింది మొత్తం ఉన్నది."

ఆ సాయంత్రం తలుపు దగ్గర ఖాజా భాయ్ కనిపించాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాంట్లో మూడు డబ్బాలు. వెనకాల ఏసోబు తాత, మడమకు కొత్త కట్టుతో. డబ్బా ఇమ్మంటే తాత ససేమిరా అన్నాడట. ఖాజా భాయ్ వంగి మడమ వాసన చూసి, ఇంకో మాట లేకుండా బస్సెక్కించి తీసుకొచ్చాడట. పుండు ఇంకా పైపైనే ఉంది, వేళకు వచ్చారని డాక్టరమ్మ చెప్పింది. బస్సులో కిటికీ పక్క సీటు ఇవ్వలేదని తాత మాత్రం ఖాజా భాయ్ మీద నాకు ఫిర్యాదు చేశాడు. నాకు అంతకంటే కావలసినదేముంది.

జూలై, ఆగస్టు కట్లతో, ఇన్సులిన్ సూదులతో గడిచాయి. సూది వేయడం సారు ఒక్కరోజులో నేర్చుకున్నారు, పప్పులో ఉప్పు సరిగ్గా వేయడం రెండు నెలలైనా రాలేదు. చిరాకుపడి గిన్నె తోసేసిన రోజులున్నాయి. ఆయన బయటికి పోయి, గంట తర్వాత కాకరకాయలతో తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. చెప్పులు లేకుండా స్నానాల గదికి పోతే స్కూల్లో పిల్లలను గదమాయించినట్టు గదమాయించేవారు. రాజమణక్క వారానికి రెండుసార్లు వచ్చి ఇల్లు తుడిచి, నా తల దువ్వి వెళ్ళేది. ఆమె చేయి మానిపోయింది, అది అప్పుడే కాలిన గాయం, ఆమెకు షుగర్ లేదు. మొక్కను నేనిప్పటికీ తప్పుపట్టను. తెరిచి ఉంచాల్సిన గాయం నోరు నేను మూశాను, అంతే.

సెప్టెంబరులో చర్చికి వెళ్ళాను, చెప్పులతోనే, కర్ర పట్టుకుని. పాస్టరుగారు సాక్ష్యం అడిగినప్పుడు లేచాను. మే నెలలో విన్న సాక్ష్యాన్ని నమ్మొద్దని, గుడ్ ఫ్రైడే నాడు బండల మీద నేను నిలబడింది భక్తితో కాదని, కాళ్ళు మొద్దుబారి అని చెప్పాను. షుగర్ ఉన్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలని, నొప్పి లేని దెబ్బనే ఎక్కువ అనుమానించాలని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు సారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. కర్ర లేని వైపు నా మోచేయి పట్టుకున్నారు. ఆరాధన అయ్యాక నలుగురైదుగురు బల్లల మీద కూర్చుని, సిగ్గుపడుతూ తమ అరికాళ్ళు తిప్పి చూసుకోవడం చూశాను. వచ్చే వారం నుంచి షుగర్ ఉన్నవాళ్ళు చెప్పులు విడవక్కరలేదని పాస్టరుగారు ప్రకటించారు.

ఇప్పుడు రోజూ ఉదయం చాయ్ కంటే ముందు సారు చాప వేసుకుని కూర్చుంటారు. అద్దం పెట్టుకుని నేనే చూసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆయన అద్దాన్ని నమ్మరు. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు, మడమలు, అంచులు అన్నీ చూస్తారు. చూడటం అయ్యాక అరికాలు పొడవునా చేత్తో నెమ్మదిగా నిమురుతారు. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది, కాళ్ళు లాక్కునేదాన్ని. ఇప్పుడు ఆయన ఒక్కరోజు ఆలస్యంగా లేస్తే నాకు తోచదు.

మొన్న ఒకరోజు మనసు బాగోక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"రోజు గట్ల నిమురుతరు గని, నాకేం తెలుస్తలేదు సార్. మీ చెయ్యి ఉన్నదో లేదో కూడ తెల్వది."

ఆయన తల ఎత్తలేదు, చేయి ఆపలేదు.

"నీకు తెలువకపోతె ఏమాయె," అన్నారు. "నీ కాలు ఉన్నదని నా చేతికి తెలుస్తది గద."